పశువైద్యశాలకు వెళ్లే ముందు ఇంట్లో చేసుకోవలసిన చిన్న పని

ఏడాదికొకసారి కుక్కను పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు, దాని బరువెంత, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు అని డాక్టరు అడిగితే మేము ఒకరి ముఖం ఒకరం చూసుకొనేవాళ్లం.

మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది కనుక, ఇప్పుడు బయలుదేరే ముందు కుక్కను ఎత్తుకొని కాంటా ఎక్కి, ఆ తరువాత దానిని దించి ఒక్కడినే ఎక్కుతాను. మొదట 76 కిలోలు, తరువాత 62 వస్తే కుక్క 14 కిలోలన్నమాట. మా పాలమూరు పల్లెల్లో పత్తి తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది. ఎత్తుకున్న కుక్క నా చెవి నాకుతున్నంతసేపూ కాంటాలో అంకె నిలవదు, కాస్త ఓపిక పట్టాలి. ఆ బరువును, తేదీని, వేసిన మందు పేరును ఒకే నోటుపుస్తకంలో రాస్తాను. ఆ పొద్దున వేసిన మలాన్ని పల్లికాయంత తీసి, బిగుతు మూత ఉన్న చిన్న డబ్బాలో పట్టుకెళితే పురుగుల గుడ్ల పరీక్షకు మళ్లీ తిరగవలసిన పని ఉండదు.

ఏటా పరీక్షకు వెళ్లే తేదీ మరచిపోకుండా జూలై 6ను గుర్తు పెట్టుకున్నాను. ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినమైన ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాను ఉచితంగా వేస్తారు కాబట్టి ఆ ఖర్చూ మిగులుతుంది.

అయితే జ్వరంతో ఉన్న కుక్కకు, మూడు నెలలు నిండని పిల్లకు సాధారణంగా ఆ టీకా వేయరు. పిడుదులు పట్టి చిగుళ్లు పాలిపోయినా, వేరే కుక్క కరిచినా ఆ తేదీ కోసం ఆగకుండా అదే రోజు తీసుకువెళ్లాలి.