లేబర్ కొరత: గడువు పొడిగింపు ఎందుకు రాదు, ఎల్‌డీ ఎందుకు పడుతుంది

సమస్య: మనుషులు దొరక్క పని వెనకబడింది. గడువు పొడిగించమంటే క్లయింట్ కుదరదన్నాడు, పైగా బిల్లులో ఎల్‌డీ (లిక్విడేటెడ్ డ్యామేజెస్, అంటే ఆలస్యానికి కాంట్రాక్టులో ముందే రాసుకున్న పరిహారం) కోశాడు.

ముందు కాంట్రాక్టు తీసి, గడువు పొడిగింపుకి ఏ కారణాలు రాసున్నాయో చూడండి. అది చదవకుండానే ‘లేబర్ లేరండీ’ అని ఉత్తరం రాసేవాళ్లే ఎక్కువ. ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య) నమూనా కాంట్రాక్టు 1999 రెడ్ బుక్ 8.4 క్లాజులో కొరత మాట ఉంది. కాకపోతే అది ముందుగా ఊహించలేనిదై ఉండాలి, అంటువ్యాధి వల్లో ప్రభుత్వ చర్య వల్లో వచ్చి ఉండాలి. పక్క సైటువాళ్లు కూలి ఎక్కువిచ్చి మీ మేస్త్రీని లాక్కుపోతే అది మీ ఖర్మ.

కారణం సరైనదైనా క్లెయిమ్ పోతోందా? అయితే నోటీసు తేదీ చూడండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. అదే ఫిడిక్ 20.1 ప్రకారం, విషయం తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 28 రోజుల్లో నోటీసు వెళ్లాలి. దాటితే హక్కు పోయినట్టే. చిక్కంతా ఆ ‘తెలిసి ఉండాల్సిన’ దగ్గరే. కొరత ఒక్కరోజులో ఊడిపడదు. రాకపోకల మీద ఆంక్షలొచ్చాయి, షట్టరింగ్‌కి 40 మంది కావాల్సిన చోట 34 అయ్యారు, తర్వాత 29, తర్వాత 21. ‘వచ్చే వారం బ్యాచ్ దిగుతుంది సార్’ అన్నాడు మేస్త్రీ, నమ్మాను. స్లాబు తేదీ తప్పాక నోటీసు రాశాను. అవతలివాళ్లు నా హాజరు పట్టీనే నా ముందు పెట్టి, 34 అయిన రోజు నుంచి లెక్కపెట్టారు. మీటింగు మినిట్స్‌లో ఉందిగా అన్నాను. మినిట్స్ నోటీసు కాదన్నారు.

అందుకే ఏ పనికి ఎంతమంది కావాలి, ఎంతమంది వచ్చారు అన్నది రోజూ రాయించండి. వారమంతా ఐదోవంతు తగ్గితే (ఇది నా లెక్క, కాంట్రాక్టుది కాదు) కాంట్రాక్టులో ఉన్న చిరునామాకి, అందులో చెప్పిన పద్ధతిలోనే నోటీసు పంపెయ్యండి. క్లయింట్ నొచ్చుకుంటాడని ఆగకండి. పూర్తి వివరాలకి 1999 ఎడిషన్‌లో 42 రోజులు, 2017లో 84 రోజులు ఉంటాయి. ఇవీ తెలిసిన రోజు నుంచే.

సమస్య: సబ్ కాంట్రాక్టరు మాయమయ్యాడు, అతని కూలీలు మీ గేటు ముందు కూర్చున్నారు. చాలా చోట్ల ఆ బాకీ చట్టం ప్రకారం మీ మీదికే వస్తుంది. అతని బిల్లు పాస్ చేసేముందే జీతాలిచ్చిన రుజువు అడగాల్సింది.

సమస్య: కొత్తవాళ్లని ఎత్తు మీదికి ఎక్కించారు, ప్రమాదం జరిగింది. శిక్షణ రికార్డు లేకపోతే కొరత సాకు ఎవరూ వినరు.

ఫోర్స్ మెజర్ (ఎవరి చేతుల్లోనూ లేని విపత్తు అనే క్లాజు) సంగతా? మనుషులు దొరకడం కష్టమైందన్నంత మాత్రాన అది దాదాపు ఎప్పుడూ నిలబడదు. దాని జోలికి ఆఖర్న వెళ్లండి.