ప్రైమరీ డిబేట్‌లో కొట్టుకున్నాక కూడా పార్టీ ఒక్కటిగా ఉండాలంటే ఏం చెయ్యాలి

మన దగ్గర టికెట్ అంటే హైకమాండ్ ఇచ్చేది. బీ-ఫామ్ ఎవరి చేతికొస్తే వాళ్ళే క్యాండిడేట్, రానివాళ్ళు రెబల్‌గా నామినేషన్ వేసి కూర్చుంటారు, విత్‌డ్రాయల్ గడువు అయ్యేదాకా బుజ్జగింపులు నడుస్తూ ఉంటాయి. అది చూస్తూ పెరిగినోళ్ళం కాబట్టి అమెరికా వచ్చాక ప్రైమరీలో (పార్టీ క్యాండిడేట్ ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నికలో) ఒకే పార్టీవాళ్ళు టీవీలో వరసగా నిలబడి ఒకర్నొకరు ఏకిపారేస్తుంటే, ఇదేం పార్టీరా బాబూ, నవంబర్‌లో అసలు ఎన్నిక దాకా మిగులుద్దా అనిపిస్తది. మిగులుద్ది. చాలాసార్లు ముందుకంటే గట్టిగా తయారవుద్ది కూడా.

1956లో ఫ్లోరిడా ప్రైమరీ ముందు మయామీలో డెమోక్రాట్లు అడ్లయ్ స్టీవెన్‌సన్, ఎస్టెస్ కెఫావర్ టీవీలో డిబేట్ చేశారు, ప్రెసిడెన్షియల్ ప్రైమరీల్లో టీవీ డిబేట్ అదే మొదటిది. అదే ఏడాది ఆ కెఫావరే స్టీవెన్‌సన్ పక్కన వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ (గెలవలేదనుకోండి, ఐసన్‌హోవర్ ముందు ఎవరు నిలబడతారు). 1980లో రీగన్ మీద పోటీ చేసిన జార్జ్ బుష్, రీగన్‌కే వైస్ ప్రెసిడెంట్ అయ్యారు. 2019 జూన్‌లో మయామీ స్టేజ్ మీద నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదివేలా బస్సుల్లో వేరే స్కూళ్ళకి పంపే విషయంలో బైడెన్‌ని కడిగేసిన కమలా హ్యారిస్‌ని, ఏడాది తిరిగేసరికి 2020 ఆగస్టులో ఆ బైడెనే తన వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్‌గా తీసుకున్నారు.

అంటే స్టేజ్ మీద మాటామాటా అనుకున్నందుకు పార్టీ చీలదు. ఓడినవాళ్ళ మనుషులకి "ముందే ఫిక్స్ చేసి మమ్మల్ని మోసం చేశారు" అనిపిస్తే అప్పుడు చీలుద్ది. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే డిబేట్ ఎలా పెట్టాలో దాదాపు మొత్తం దాన్నుంచే వచ్చేస్తది. ఇది రాసేది ముఖ్యంగా పార్టీ కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిటీల్లో, టౌన్ కమిటీల్లో తిరిగే మనవాళ్ళ కోసం, స్టేట్ హౌస్ (రాష్ట్ర అసెంబ్లీ) సీటుకో కౌంటీ కమిషనర్ సీటుకో మీ పార్టీలో నలుగురు దిగితే డిబేట్ బాధ్యత తిరిగి తిరిగి మీ నెత్తినే పడొచ్చు.

మొదటి పని, ఎవరెవరు పోటీ చేస్తారో తేలకముందే రూల్స్ రాసి పెట్టేయండి. ఎన్ని డిబేట్లు, ఏ రోజు, స్టేజ్ ఎక్కడానికి అర్హత ఏంటి, అన్నీ కాగితం మీద, కమిటీ ఓటుతో. పేర్లు తెలిశాక రాస్తే ప్రతి రూలూ ఎవరికో ఒకరికి అనుకూలంగానే కనిపిస్తది, మీరు ఎంత నిజాయితీగా రాసినా సరే.

దీనికి 2015-16 డెమోక్రాట్ల కథ బాగా చదువుకోవాల్సిన పాఠం. పార్టీ జాతీయ కమిటీ మొదట ఆరే డిబేట్లు అంది, బయట ఇంకెవరైనా పెట్టిన డిబేట్‌కి వెళ్తే పార్టీ డిబేట్లలోకి రానివ్వం అని కండిషన్ కూడా పెట్టింది. పైగా నవంబర్ 14 శనివారం, డిసెంబర్ 19 మళ్ళీ శనివారం, అది కూడా క్రిస్మస్ ముందు వీకెండ్. శనివారం రాత్రి టీవీ ముందు కూర్చుని పాలిటిక్స్ చూసేది ఎవరండీ? పోటీలో ఉన్న మార్టిన్ ఓమాలీ బహిరంగంగానే గొడవ చేశారు, హిల్లరీ మీద పోటీ చేస్తున్న బెర్నీ శాండర్స్ మనుషులు ఇదంతా హిల్లరీని కాపాడ్డానికే అనుకున్నారు. తర్వాత డిబేట్లు పెంచారు, మొత్తం తొమ్మిదయ్యాయి, కానీ అప్పటికే అనుమానం నాటుకుపోయింది. 2016 జులైలో పార్టీ ఈమెయిల్స్ లీకయ్యేసరికి ఆ అనుమానానికి సాక్ష్యం దొరికినట్టయింది, ఫిలడెల్ఫియాలో కన్వెన్షన్ (క్యాండిడేట్‌ని లాంఛనంగా ప్రకటించే పార్టీ మహాసభ) మొదలయ్యే టైంకి పార్టీ చైర్ డెబ్బీ వాసర్‌మన్ షుల్ట్జ్ తప్పుకోవాల్సొచ్చింది, హాల్లో శాండర్స్ తరఫు ప్రతినిధుల (డెలిగేట్ల) అరుపులు. విచిత్రం ఏంటంటే స్టేజ్ మీద శాండర్స్, హిల్లరీ పెద్దగా కొట్టుకున్నది లేదు. 2015 అక్టోబర్ 13న లాస్ వేగస్‌లో మొదటి డిబేట్, హిల్లరీ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు వాడిన సొంత ఈమెయిల్స్ గురించి ఆవిడని అడుగుతుంటే శాండర్స్ మధ్యలో అందుకుని, మీ ఈమెయిల్స్ గోల వినీ వినీ జనం విసిగిపోయారు అని గట్టిగా అనేశారు, ఆవిడ నవ్వుతూ చెయ్యి చాచి థాంక్యూ అన్నారు, హాలంతా చప్పట్లు. స్టేజ్ మీద అంత సఖ్యత ఉన్నా తెరవెనక రూల్స్ మీద నమ్మకం లేకపోతే ఏమైందో చూశాం కదా.

ఆ దెబ్బకి 2019లో నేర్చుకున్నారు. ఏ అర్హత కావాలో చాలా ముందే చెప్పారు: మూడు ఒపీనియన్ పోల్స్‌లో 1 శాతం, లేదా 65,000 మంది డోనర్లు, అందులో 20 రాష్ట్రాల్లో ఒక్కో రాష్ట్రం నుంచి కనీసం 200 మంది. 20 మంది క్వాలిఫై అయితే రెండు రాత్రులు, పది మంది చొప్పున, పెద్ద పేర్లన్నీ ఒక్క రాత్రే పడకుండా చూసి లాటరీ తీశారు. అంతకుముందు 2015లో రిపబ్లికన్లు 17 మందిని పోల్స్ ప్రకారం మెయిన్ స్టేజ్‌కి పది మంది, సాయంత్రం చిన్న డిబేట్‌కి ఏడుగురు అని విడగొట్టారు, ఆ ఏడుగుర్నీ జనం జూనియర్ ఆర్టిస్టుల్లా చూశారు, కార్లీ ఫియొరీనా ఒక్కావిడే అందులో దుమ్ములేపి తర్వాతి డిబేట్‌కి పెద్ద స్టేజ్ ఎక్కింది. ఊళ్ళో నలుగురైదుగురి డిబేట్‌కి ఇంత లెక్క అక్కర్లేదు, బ్యాలెట్ మీద పేరుంటే స్టేజ్ మీద కుర్చీ. అంతే. సీట్లు, ఎవరు ముందు మాట్లాడాలి అనేది అందరి ముందు చీటీలు తీసి తేల్చండి.

ఎన్ని డిబేట్లు అంటే ఊళ్ళో అయితే ఒకటి, మహా అయితే రెండు. 2012 ఎన్నికకి రిపబ్లికన్లు 20 దాకా పెట్టారు, చివరికి క్యాండిడేట్ అయిన మిట్ రామ్నీ ఒక డిబేట్‌లో పోటీదారు రిక్ పెరీకి పదివేల డాలర్ల పందెం చెయ్యి చాచారు, ఇంకోదాంట్లో వలస వచ్చినవాళ్ళు తమంతట తామే వెళ్ళిపోతారనే మాట అన్నారు, రెండూ నవంబర్ దాకా వెంటాడాయి. ఓడాక 2013లో పార్టీ వేసుకున్న రివ్యూలోనే డిబేట్లు 10-12కి తగ్గించాలని రాసుకున్నారు. డేట్ మాత్రం మెయిల్ బ్యాలెట్లు ఇళ్ళకి చేరకముందే ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు. సగం మంది ఓటేసి పంపించాక డిబేట్ పెట్టి ఏం లాభం.

ఇక మోడరేటర్, అంటే డిబేట్ నడిపే మనిషి. మీ కమిటీ చైర్ వద్దు, ఎంత మంచోళ్ళైనా వద్దు. లోకల్ పేపర్ రిపోర్టరో, కాలేజీ ప్రొఫెసరో, లేదా చాలా ఊళ్ళలో ఇలాంటి ఫోరమ్‌లు నడిపే లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ వాళ్ళనో అడగండి. జవాబుకి 60 సెకన్లు, పేరెత్తి విమర్శిస్తే తిరుగు జవాబుకి 30. ముందు వరసలో రంగు కార్డులు పట్టుకుని ఒకరు కూర్చోవాలి, ఎర్ర కార్డు లేచాక ఎవరైనా సరే ఆపాల్సిందే. ఈ పనికి రిటైరైన టీచరమ్మ ఎవరైనా దొరికితే వదలకండి, ఎర్ర కార్డు పైకెత్తి కళ్ళద్దాల మీదుగా ఒక చూపు చూస్తే కౌంటీ కమిషనర్ కూడా వాక్యం మధ్యలో నోరు మూసేస్తారు. మీరు మోడరేటర్ అయితే చచ్చినా మైక్ కట్ చేయించకండి, ఎందుకో చెప్తా.

1980 ఫిబ్రవరి 23, న్యూ హ్యాంప్‌షైర్‌లో నాషువా. లోకల్ పేపర్ రీగన్, బుష్ ఇద్దరికే డిబేట్ పెట్టింది. ఇద్దరికే పెడితే అది పేపర్ వాళ్ళు ఆ ఇద్దరికి ఇచ్చిన, చట్టం ఒప్పుకోని విరాళం కిందికొస్తదని గొడవైతే ఖర్చు రీగన్ క్యాంపెయిన్ భరించింది, ఆ తర్వాత రీగన్ పోటీలో ఉన్న ఇంకో నలుగుర్నీ కూడా పిలిచేశారు. నలుగురూ స్టేజ్ మీదికొచ్చి కుర్చీలు లేక వెనక నిలబడ్డారు. బుష్ కదలకుండా ముందుకే చూస్తూ కూర్చున్నారు. రీగన్ వాళ్ళ తరఫున మాట్లాడబోతుంటే మోడరేటర్ ఆయన మైక్ ఆపేయమన్నారు, రీగన్‌కి ఒళ్ళు మండి "ఈ మైక్‌కి డబ్బులు కడుతున్నది నేను" అని గద్దించారు, హాలు దద్దరిల్లింది. మోడరేటర్ పేరు బ్రీన్ అయితే గ్రీన్ అన్నారు, ఎవరికీ పట్టలేదు. మూడ్రోజుల తర్వాత ప్రైమరీలో రీగన్ భారీగా గెలిచారు. అందర్నీ కూర్చోబెడదాం అన్నాయన పెద్దమనిషి అయ్యారు, కుర్చీ లేకుండా చేసినవాళ్ళు విలన్లయ్యారు. అదే జులైలో డెట్రాయిట్ కన్వెన్షన్‌లో ఆ బుష్‌నే రీగన్ పక్కన నిలబెట్టుకున్నారు, అది వేరే విషయం.

ప్రశ్నల దగ్గర కాస్త బుర్ర పెట్టాలి. మీరు అడిగే ప్రతి ప్రశ్నకీ వచ్చే జవాబుని అవతలి పార్టీవాళ్ళు రికార్డ్ చేసుకుంటున్నారని అనుకునే అడగండి. 1988లో న్యూయార్క్ ప్రైమరీ ముందు డిబేట్‌లో ఆల్ గోర్, మాసచూసెట్స్‌లో జైలు ఖైదీలకి వీకెండ్ సెలవులిచ్చే పద్ధతి గురించి ఆ రాష్ట్ర గవర్నర్, సొంత పార్టీలో పోటీదారు డుకాకిస్‌ని అడిగారు. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు, తర్వాత బుష్ క్యాంపు అదే పట్టుకుని జనరల్ ఎలక్షన్‌లో డుకాకిస్‌ని నలిపేసింది. అలాగని విమర్శే వద్దంటే డిబేట్ పప్పులో ఉప్పు లేనట్టుంటది, ఇంట్లో బయటపడని బలహీనత నవంబర్‌లో బయటపడితే ఇంకా ప్రమాదం. విధానాల మీద ఎంతైనా కొట్టుకోనివ్వండి, ఇంటి విషయాలకీ, ఒంటి విషయాలకీ మోడరేటర్ అడ్డుపడాలి.

చేతులెత్తమనే ప్రశ్నలు మాత్రం అస్సలొద్దు. 2019 జూన్ 27న మయామీలో, మీ హెల్త్ ప్లాన్‌లో పత్రాలు లేని వలసదారులకి కూడా కవరేజ్ ఇస్తారా అంటే స్టేజ్ మీద పది మందీ చేతులెత్తారు. ఒక్కరికీ వివరించే టైం లేదు, ఆ ఫోటో మాత్రం ట్రంప్‌కి ఉచితంగా దొరికింది.

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటుంది, చివర్లో అందర్నీ అడగండి: మీ పక్కనున్నవాళ్ళ ప్లాన్‌లో మీరు గెలిస్తే అమలు చేసేది ఒక్కటి చెప్పండి. మొదట నీళ్ళు నములుతారు, తర్వాత ఎవరో ఒకరు నిజంగానే మంచి జవాబు చెప్తారు, అప్పుడు హాల్లో రెండు వర్గాలూ కలిసి చప్పట్లు కొడతాయి. ఆ క్లిప్ దాచిపెట్టుకోండి, ప్రైమరీ అయిన మర్నాడు పనికొస్తది.

గెలిచినవాళ్ళకి మద్దతిస్తామని ముందే సంతకం పెట్టించుకుంటే సరిపోదా అంటారు కొందరు. 2015 ఆగస్టు 6న క్లీవ్‌లాండ్‌లో మొదటి ప్రశ్నే అది, మద్దతివ్వనివాళ్ళు చెయ్యెత్తండి అంటే ట్రంప్ ఒక్కరే ఎత్తారు. సెప్టెంబర్‌లో సంతకం పెట్టారు, 2016 మార్చిలో ఆ మాట వదిలేశారు. జులైలో అదే క్లీవ్‌లాండ్‌లో కన్వెన్షన్‌లో ప్రైమరీల్లో ఓడిన టెడ్ క్రూజ్ ట్రంప్‌ని ఎండార్స్ చెయ్యకుండా మీ మనస్సాక్షి ప్రకారం ఓటెయ్యండి అంటే జనం గోల చేశారు. కాగితంతో మనసులు కలవవు, అయినా పెట్టించుకుంటే నష్టమేం లేదులెండి.

డిబేట్ రాత్రి వచ్చిన ఊపుని అక్కడికక్కడే పట్టుకోవాలి, ఇంటికెళ్ళి నిద్రపోతే పోద్ది. తలుపు దగ్గర మూడు టేబుళ్ళు: ఓటర్ రిజిస్ట్రేషన్ ఒకటి, వాలంటీర్ల పేర్లు ఒకటి, టీ సమోసాలు ఒకటి, టీ టేబుల్ మిగతా రెండూ దాటాకే వచ్చేలా పెట్టండి. మీ రాష్ట్రం ప్రైమరీ ఏ రకమో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో పార్టీ మెంబర్‌గా రిజిస్టరైతేనే ప్రైమరీ ఓటు, టెక్సస్‌లో అసలు పార్టీ రిజిస్ట్రేషనే లేదు కానీ ఒక పార్టీ ప్రైమరీలో ఓటేస్తే రనాఫ్‌లో (ఎవరికీ సగం దాటి ఓట్లు రాకపోతే పెట్టే రెండో రౌండ్‌లో) ఇంకో పార్టీకి వెయ్యడం కుదరదు. మనవాళ్ళతో ఇంకోటి, సిటిజన్ కానివాళ్ళు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఉత్సాహంలో సంతకం పెట్టకూడదు, గ్రీన్‌కార్డ్ ఉన్నా సరే. గ్రీన్‌కార్డ్ ఉంటే విరాళం ఇవ్వొచ్చు, హెచ్1బీ వాళ్ళు అదీ ఇవ్వకూడదు, జీతం లేకుండా వాలంటీర్ పని మాత్రం చెయ్యొచ్చు. వాలంటీర్‌గా పేరిచ్చినవాళ్ళకి రెండ్రోజుల్లో ఫోన్ వెళ్ళాలి, ఏదో ఒక పని చేతిలో పెట్టాలి, వారం దాటితే వాళ్ళు మీ పేరు కూడా మర్చిపోతారు.

ఇక ఫలితం వచ్చిన రాత్రి. గెలిచినవాళ్ళ స్పీచ్‌లో ఓడినవాళ్ళ పేర్లు మొదటి రెండు నిమిషాల్లోనే రావాలి, ఫోన్ అంతకుముందే వెళ్ళాలి. 2008లో ఒబామా, హిల్లరీ దాదాపు ఏడాది పాటు డిబేట్ల మీద డిబేట్లు చేసి చివర్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితికొచ్చారు. జూన్‌లో హిల్లరీ తప్పుకున్నాక ఇద్దరూ కలిసి మొదటి సభ న్యూ హ్యాంప్‌షైర్‌లో యూనిటీ అనే చిన్న ఊళ్ళో పెట్టారు, ప్రైమరీలో ఆ ఊరు ఇద్దరికీ సరిగ్గా 107 ఓట్లు చొప్పున వేసింది. ఊరి పేరు కూడా కలిసొచ్చిందనుకోండి. డెన్వర్ కన్వెన్షన్‌లో ఓట్ల లెక్కింపు మధ్యలో ఒబామాని ఏకగ్రీవంగా ఎన్నుకుందాం అని ప్రతిపాదించింది హిల్లరీయే. 2020లో శాండర్స్ విషయంలో బైడెన్ ఇంకో అడుగు ముందుకేసి క్లైమేట్, హెల్త్, ఎడ్యుకేషన్, ఇమ్మిగ్రేషన్ లాంటి ఆరు అంశాల మీద ఇద్దరి మనుషులతో కలిపి కమిటీలు వేశారు, శాండర్స్ వాళ్ళకి కూర్చుని రాసే పని దొరికింది.

మీ ఊళ్ళో కూడా అంతే. ఓడినవాళ్ళ క్యాంపెయిన్‌లో ఇల్లిల్లూ తిరిగిన కోఆర్డినేటర్ ఒకరుంటారు, క్యాండిడేట్ కంటే ముందు వాళ్ళని పట్టుకోండి, ఏ ప్రిసింక్ట్‌లో (పోలింగ్ వార్డులో) వాళ్ళకి ఎక్కువ ఓట్లొచ్చాయో అదే ప్రిసింక్ట్ నవంబర్ దాకా వాళ్ళకే అప్పగించండి, ఓటర్ల లిస్టుతో సహా. ఓడిన క్యాండిడేట్‌కి తర్వాతి దారి కూడా కనపడాలి. మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో మేరీలాండ్‌లో కాంగ్రెస్ సీటు ప్రైమరీ ఓడిపోయారు, 2022లో అదే పార్టీ టికెట్ మీద లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఆ మాట ఓడినాయనకో ఆవిడకో చెప్పండి, కానీ ఫలితం వచ్చిన రాత్రే వద్దు, ఒక వారం ఆగి, భోజనానికి పిలిచి చెప్పండి.