టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనకాల ఉండే కండ) ఆపరేషన్‌కి ముందు

పిల్లాడి గురకని రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. గురక మధ్యలో ఊపిరి ఆగి, డొక్కలు లోపలికి గుంజుకుని, ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తుంటే అది మత్తు డాక్టరు చూడాల్సిందే. నోటితో చెబితే అంత అర్థం కాదు.

రాత్రిళ్లు ఆక్సిజన్ పదేపదే తగ్గితే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కుడివైపు భారం పడుతుంది. ఆయాసం, కాళ్ల వాపు ఉంటే ఎకో (గుండె స్కాన్) తీయాలా అని మీరే అడగండి.

– జలుబు, జ్వరం ఉంటే దాచొద్దు. డేట్ మారితే మారనీ.
– ఊగే పన్ను ఉంటే చెప్పాలి.
– 6 గంటల ముందు నుంచి అన్నం, పాలు బంద్. మంచినీళ్లు 2 గంటల ముందు వరకే. అమ్మమ్మకీ చెప్పండి, జాలిపడి బిస్కెట్ పెట్టేస్తుంది.
– 3 ఏళ్లలోపు పిల్లలైతే ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉండేలా చూసుకోండి.
– నొప్పికి కోడీన్ ఉన్న మందు వద్దు.