క్వాంటమ్ భయం ఉన్నవాళ్లు ముందు తమ బిట్‌కాయిన్ చిరునామా చూసుకోవాలి

"ఏటి మేడమ్, అమరావతిలో క్వాంటమ్ కంప్యూటర్ పెడతారంట కదా, మన బిట్‌కాయిన్లు ఏటైపోతాయి?" అని అడిగారు పలాస నుంచి వచ్చే ఒక జీడిపప్పు వ్యాపారి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నేను ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. అక్కడికి ఐబీఎం 156 క్యూబిట్‌ల (క్వాంటమ్ కంప్యూటర్ లెక్కలు చేసే మూల భాగాల) యంత్రం గురించి ప్రకటన వచ్చాక ఇలా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

బిట్‌కాయిన్ పంపాలంటే ప్రైవేట్ కీ అనే రహస్య సంఖ్యతో డిజిటల్ సంతకం చేయాలి. ఆ సంతకాన్ని పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడొచ్చు. పబ్లిక్ కీ నుంచి ప్రైవేట్ కీని రాబట్టడం మామూలు కంప్యూటర్ల వల్ల కాదు. చాలినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్‌కు అది సాధ్యమేనని పీటర్ షోర్ 1994లోనే లెక్క చూపించారు. ఎంత పెద్దదంటే, 2017లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుల అంచనా సుమారు 2,330 లాజికల్ క్యూబిట్‌లు. తప్పులు చేసే మామూలు క్యూబిట్‌లు ఎన్నో కలిస్తే గానీ ఒక లాజికల్ క్యూబిట్ తయారవదు. కాబట్టి అమరావతి 156 చూసి ఈరోజే టెన్షన్ పడక్కర్లేదు. అయితే చైన్‌లో, అంటే అందరికీ కనిపించే బిట్‌కాయిన్ లావాదేవీల చిట్టాలో, ఒకసారి బయటపడ్డ పబ్లిక్ కీని మళ్లీ దాచలేం. అందుకే మనది బయటపడిందో లేదో తెలుసుకోవాలి.

కాయిన్లు ఎక్స్ఛేంజ్ యాప్‌లోనే ఉంటే చూడ్డానికి ఏమీ లేదు. కీలు వాళ్ల దగ్గరే ఉంటాయి, మార్చాల్సిందీ వాళ్లే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంతే.

కీలు మీ దగ్గరే ఉండే సొంత వాలెట్ ఉంటే అందులోని చిరునామాను (బిట్‌కాయిన్ అందుకునే ఖాతా నంబర్ లాంటిది) కాపీ చేసి ఏదైనా బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే చైన్‌లోని లావాదేవీలు చూపించే వెబ్‌సైట్‌లో, వెతకండి. ముందు మొదటి అక్షరాలు చూడండి. 1తోనో, 3తోనో, బీసీ1క్యూ(bc1q)తోనో మొదలైతే చైన్‌లో కనిపించేది హాష్ (కీని దాచి ఉంచే, వెనక్కి విప్పలేని గుర్తు) మాత్రమే. దాని నుంచి ఒక్కసారి కూడా పంపకపోతే పబ్లిక్ కీ ఇంకా బయటికి రాలేదన్నమాట. అలాంటిదాన్ని కదపొద్దు, అలాగే ఉంచండి. ఒక్కసారి పంపినా కీ బయటపడినట్టే, ఆ చిరునామాలో మిగిలిన సొమ్ముకు దాపరికం లేదు. బీసీ1పీ(bc1p)తో మొదలయ్యే ట్యాప్‌రూట్ చిరునామా అయితే పంపకపోయినా అంతే, ఎందుకంటే చిరునామాలోనే పబ్లిక్ కీ ఉంటుంది. 2021 నవంబరులో వచ్చిన కొత్త పద్ధతి ఈ ఒక్క విషయంలో పాతదానికన్నా వెనకబడింది!

బయటపడిందని తేలితే వాలెట్‌లో రిసీవ్ నొక్కి ఎప్పుడూ వాడని బీసీ1క్యూ చిరునామా తీసుకుని, పాతదాంట్లో ఉన్నదంతా అక్కడికి పంపండి. కొంచెం పాతదాంట్లో వదిలితే చేసిన పని సగమే. నెట్‌వర్క్ ఫీజు తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. ఆ తర్వాత డబ్బు తీసుకునే ప్రతిసారీ కొత్త చిరునామా ఇవ్వండి. ఇంకో మాట: లెక్కలు చూపించే యాప్‌లకు ఎక్స్‌పబ్ (xpub, మీ వాలెట్ చిరునామాలన్నీ రాబట్టగల ఒక పొడవాటి కోడ్) ఇచ్చారా? దాంతో మీ చిరునామాల పబ్లిక్ కీలన్నీ వాళ్ల చేతికి వెళ్లినట్టే.

ఇథీరియం అనే ఇంకో క్రిప్టో నెట్‌వర్క్‌లో ఈ చిట్కా పెద్దగా పనిచేయదు. అక్కడ ఎవరికి వాళ్లు తమ ఒకే ఖాతాను మళ్లీ మళ్లీ వాడతారు, మొదటిసారి పంపగానే పబ్లిక్ కీ తెలిసిపోతుంది. అక్కడ నెట్‌వర్కే సంతకాల పద్ధతి మార్చాలి. క్వాంటమ్‌ను తట్టుకునే సంతకాలకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ప్రమాణాలు విడుదల చేసింది. బిట్‌కాయిన్‌లోనూ బిప్ 360 లాంటి ప్రతిపాదనలు నడుస్తున్నాయి.

నన్నడిగితే ఇప్పటికి అసలు ప్రమాదం వేరే. "మీ వాలెట్‌ను క్వాంటమ్ సేఫ్ చేస్తాం, 12 పదాలు (వాలెట్‌ను తిరిగి తెరిచే రహస్య పదాలు) పంపండి" అని వాట్సాప్‌లో ఎవరైనా అడిగితే వాడు దొంగ. ఆ పదాలు తెలిసినవాడికి క్వాంటమ్ కంప్యూటర్ దేనికి? అలాంటి నంబర్ బ్లాక్ చేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

ఇక నా వృత్తి మాట. మీ వాలెట్ నుంచి మీ వాలెట్‌కే పంపుకుంటే అది అమ్మకం కాదు, క్రిప్టో లాభంపై వేసే 30 శాతం పన్ను పడదు. కానీ అది మీదేనని చూపించాల్సింది మీరే. కాబట్టి తేదీ, రెండు చిరునామాలు, ట్రాన్సాక్షన్ ఐడీ, మొదట కొన్న ధర రుజువు ఒకేచోట పెట్టుకుని, రిటర్నుకు వచ్చేటప్పుడు తెచ్చుకోండి.