మీ పరిశోధనా వ్యాసాన్ని ఎవరైనా మాటలు మార్చి రాసుకుంటే ఏం చేయాలి?

ఎవరిదో పేపర్ చదువుతుంటే మూడో పేరాకల్లా ‘ఇది నేను రాసిందే కదా’ అనిపిస్తుంది. వాక్యాలు వేరు, వాదన మీదే. మీ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ రోజే మెయిల్ రాయకండి. అందులో కోపం తప్ప ఆధారం ఉండదు.

ముందు ఆ పేపర్ పీడీఎఫ్ దాచుకుని తేదీలు చూడండి. ప్రచురణ తేదీ ఒక్కటే చాలదు, పత్రికకు అందిన తేదీ కూడా కావాలి. మీ వ్యాసం బయటికి రాకముందే వాళ్లది అంది ఉంటే, ఇద్దరికీ ఒకే ఆలోచన తట్టి ఉండొచ్చు. మీరు అంతకుముందే ప్రీప్రింట్ (పత్రికలో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి) పెట్టి ఉంటే ఆ తేదీ లెక్కలోకి వస్తుంది.

తర్వాత పట్టిక. అసలు పని ఇదే. ఎడమవైపు మీ వాక్యం, కుడివైపు వాళ్లది, పేజీ నంబర్లతో సహా. మీరు ‘వలసలకు తిండి కొరత కన్నా అప్పులే ఎక్కువ కారణం’ అన్నారు, వాళ్లు ‘ఆకలి కంటే రుణభారమే ఊళ్లు ఖాళీ చేయించింది’ అన్నారనుకోండి. ఈ ఒక్క పోలికతో ఏమీ తేలదు. కానీ ఆ వెంటనే మీ మూడు ఉదాహరణలూ అదే వరుసలో వస్తే, అది గట్టి ఆధారం. మీ తప్పు కూడా వాళ్ల దగ్గర దొరికితే ఇంకేం కావాలి! ఉదాహరణకు, ఒక పుస్తకాన్ని ఉటంకిస్తూ 47వ పేజీకి బదులు మీరు పొరపాటున 74 వేశారు, వాళ్లూ 74 అనే వేశారు.

సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ చూపే శాతాన్ని నమ్ముకోకండి. అది ముఖ్యంగా పదాల పోలికనే పడుతుంది. ఆ రంగంలో అందరూ రాసే సంగతులను పట్టికలోంచి తీసేసి, మొహమాటం లేకుండా మాట్లాడే ఒక సహోద్యోగికి చూపించండి.

ఇప్పుడు రచయితకు నాలుగు లైన్ల మెయిల్. ‘కాపీ’ అనే మాట వద్దు. ‘మీ వ్యాసంలోని ఈ భాగాలు నా వ్యాసానికి దగ్గరగా ఉన్నాయి, పట్టిక జతచేశాను. ఉటంకింపు చేర్చే వీలుందా?’ అంటే చాలు. రెండు మూడు వారాలు ఆగండి. అవతలివారు మీ ప్రమోషన్‌నో డిగ్రీనో ఆపగలిగినవాళ్లయితే, ఈ మెట్టు వదిలేసి నేరుగా ఎడిటర్‌కే రాయండి.

ఎడిటర్‌కూ అదే పట్టిక పంపండి. ప్రచురణ నైతికత కోసం 1997లో మొదలైన ‘కోప్’ సంస్థ ఇలాంటి ఫిర్యాదులకు ఫ్లోచార్ట్ ఇచ్చింది. దాన్ని పాటించే పత్రిక ముందు రచయితను వివరణ అడుగుతుంది, జవాబు రాకపోతే వాళ్ల సంస్థకు రాస్తుంది. సవరణ ప్రకటన రావచ్చు, తీవ్రమైతే వ్యాసాన్నే వెనక్కి తీసుకోవచ్చు. నెలలు పడుతుంది, కాబట్టి ప్రతి ఉత్తరాన్నీ దాచుకోండి.

లాయర్ నోటీసు గురించి ఆలోచిస్తుంటే ఒక మాట: కాపీరైట్ రక్షణ రాసిన తీరుకే ఉంటుంది, ఆలోచనకు కాదు.