మొండి స్పీకర్లకు పవర్ యాంప్లిఫయర్ ఎంచుకోవడం ఎలా?

యాంప్‌కు నడపడం కష్టమయ్యే మొండి స్పీకర్లకు లక్షలు పోస్తారు. యాంప్ దగ్గరికి వచ్చేసరికి "ఎన్ని వాట్లు?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టేస్తారు. ఇక చూసుకోండి, వాల్యూమ్ కాస్త పెంచగానే బేస్ పీలగా అయిపోతుంది, సినిమా మంచి పట్టులో ఉండగా యాంప్‌ను కాపాడే స్విచ్చి (రిలే) టక్కుమని కొట్టేసి అంతా ఆగిపోతుంది. కొన్నాళ్లకు ట్వీటర్ (సన్నని శబ్దాలు ఇచ్చే చిన్న స్పీకర్) కాలుతుంది. నింద మాత్రం స్పీకర్ మీద పడుతుంది.

కావలసినవి: స్పీకర్ స్పెసిఫికేషన్ షీటు, దాని ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో) గ్రాఫ్, కొలత టేపు, ఫోన్‌లో కాలిక్యులేటర్. మల్టీమీటర్ పెట్టి చూస్తానంటే వద్దు. అది చూపించేది కాయిల్ డీసీ రెసిస్టెన్స్, అంతే. పాట నడుస్తున్నప్పుడు స్పీకర్ యాంప్‌ను ఎంత పీడిస్తుందో అందులో తెలియదు.

మెట్టు 1: సెన్సిటివిటీ చదవండి

సెన్సిటివిటీ అంటే ఇంత వోల్టేజీ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం (డీబీ, అంటే డెసిబెల్స్‌లో) వస్తుందన్నది. షీటులో "86 డీబీ, 2.83 వోల్టులు, 1 మీటరు" అని ఉంటుంది. 2.83 వోల్టులంటే 8 ఓమ్‌లకు 1 వాట్. అదే 4 ఓమ్‌ల స్పీకర్‌కు 2 వాట్లు. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఆ 86 లోంచి 3 తీసేయండి, అసలు సంఖ్య 83. కొనేవాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడే.

మెట్టు 2: వాట్ల లెక్క

మీరు కూర్చునే చోటికి దూరం కొలవండి. 3 మీటర్లు అనుకుందాం. మామూలు గదిలో దూరం వల్ల దాదాపు 6 డీబీ పోతుంది, రెండు స్పీకర్లు కాబట్టి 3 తిరిగి వస్తుంది. అంటే స్పీకర్‌కు 1 వాట్ ఇస్తే మీ కుర్చీ దగ్గర 80 డీబీ. సగటున అది గట్టి శబ్దమే. కానీ డోలు మీద దెబ్బ పడినప్పుడు సగటు కంటే 20 డీబీ పైకి లేస్తుంది. ప్రతి 10 డీబీకి పది రెట్లు పవర్ కావాలి, అంటే 100 వాట్లు. ఇంకో 3 డీబీ చేతిలో ఉంచుకుంటే 200 వాట్లు, 4 ఓమ్‌ల దగ్గర. 105 డీబీ పీక్‌లతో సినిమా చూస్తానంటే, చేతిలో ఏమీ ఉంచుకోకుండానే 300 దాటుతుంది.

మెట్టు 3: ఇంపీడెన్స్ గ్రాఫ్. ఇక్కడ తొందరపడకండి

"4 ఓమ్‌లు" అన్నది పేరుకే. అసలు ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది, ఒకచోట 20 ఓమ్‌లకు ఎక్కి ఇంకోచోట 3కి దిగుతుంది. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం కనిష్ఠం ఆ పేరులోని అంకెలో 80 శాతం కంటే దిగకూడదు. అంటే 4 ఓమ్‌లు అని రాయాలంటే 3.2 కంటే తగ్గకూడదు. ఆ గీత దాటేసి కూడా 4 అనే రాసుకునేవాళ్లున్నారు. అందుకే షీటులో "కనిష్ఠ ఇంపీడెన్స్" ఎంత, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నది వెతకండి. ఆ సంఖ్య ఇవ్వకపోతే స్వతంత్రంగా కొలిచిన గ్రాఫ్ దొరికేదాకా డబ్బు కట్టకండి.

ఎక్కడ దిగిందన్నది కూడా ముఖ్యమే. 10 కిలోహెర్ట్జ్ దగ్గర దిగితే పెద్ద ప్రమాదం లేదు, పాటలో అంత పైన శక్తి తక్కువ. 60 నుంచి 150 హెర్ట్జ్ మధ్య దిగిందంటే భయపడాలి. డోలు, బేస్ గిటార్, సినిమాలో పేలుళ్లు అన్నీ అక్కడే ఉంటాయి.

ఇప్పుడు గ్రాఫ్‌లో రెండో గీత చూడండి, ఫేజ్ కోణం. దాన్ని చూడకుండా యాంప్ కొనడం తోకను పట్టుకుని ఎద్దును బేరమాడడమే. స్పీకర్‌లో కాయిళ్లు, కెపాసిటర్లు ఉండడం వల్ల వోల్టేజీ, కరెంటు ఒకే తాళంలో నడవవు, ఆ తేడానే ఈ కోణం. యాంప్‌లోని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీద వోల్టేజీ ఎక్కువగా ఉన్న క్షణంలోనే కరెంటు కూడా ఎక్కువ పారాల్సి వస్తుంది. ఆ రెండింటి గుణకారమే వేడి. మామూలు రెసిస్టర్‌తో పోలిస్తే ట్రాన్సిస్టర్‌లో పుట్టే గరిష్ఠ వేడి 30 డిగ్రీల కోణంలో సుమారు 2.1 రెట్లు, 45 డిగ్రీల్లో 2.8 రెట్లు. అంటే 4 ఓమ్‌లు, 45 డిగ్రీలు కలిసి వచ్చిన చోట మీ యాంప్‌కు ఆ స్పీకర్ 1.4 ఓమ్‌లలా తగులుతుంది. షీటులో 4 చూసి మురిసిపోయినవాడి యాంప్ తనను కాపాడుకోవడానికి ఆగిపోయి ప్రొటెక్షన్‌లోకి పోయేది ఇందుకే. ఇంపీడెన్స్ తక్కువగా, కోణం ఎక్కువగా ఒకేచోట ఉన్నాయా అన్నదే చూడాల్సింది. విడివిడిగా వస్తే సర్దుకుపోవచ్చు.

మ్యాగ్నెపాన్ కంపెనీ ప్యానెల్ (పలకలాంటి) స్పీకర్లు దీనికి మంచి ఉదాహరణ. 4 ఓమ్‌లే, సెన్సిటివిటీ కూడా తక్కువే, కానీ ఇంపీడెన్స్ దాదాపు రెసిస్టర్‌లా చదునుగా ఉంటుంది. వాట్లు తింటాయి గానీ యాంప్‌ను ఏడిపించవు. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు (పల్చటి పొరను విద్యుత్ క్షేత్రంతో కదిలించేవి) ఇంకో రకం, పైకి పోయేకొద్దీ ఇంపీడెన్స్ పడిపోతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1 ఓమ్ లోపుకు దిగేవీ ఉన్నాయి.

మెట్టు 4: యాంప్ షీటులో రెండు సంఖ్యలు

8 ఓమ్‌ల దగ్గర ఎన్ని వాట్లు, 4 దగ్గర ఎన్ని? ఒక యాంప్ 100, 200 అంటుంది. ఇంకోటి 150, 180 అంటుంది. అందరూ రెండోదే తీసుకుంటారు. మొదటిది రెండుచోట్లా 28.3 వోల్టులు పట్టి ఉంచింది. రెండోది 34.6 దగ్గర మొదలై 26.8కి జారిపోయింది. 4 ఓమ్‌లకే ఇంత జారితే 3 దగ్గర ఏం నిలబడుతుంది? పైన పటారం, లోన లొటారం. 8 నుంచి 4కి వాట్లు కనీసం 1.7 రెట్లు పెరగాలి. అంతకంటే తక్కువైతే పక్కన పెట్టండి. 2 ఓమ్‌ల సంఖ్య కూడా ఇచ్చారంటే ధైర్యం ఉన్న కంపెనీ.

వాట్లు 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు ఛానళ్లూ నడిపిస్తూ, 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో (శబ్దంలో వచ్చే వికారం) కొలిచినవై ఉండాలి. "1 కిలోహెర్ట్జ్, ఒక ఛానల్, 10 శాతం" అని చిన్నక్షరాల్లో ఉంటే అది పాత టేప్‌రికార్డర్ మీద పీఎంపీఓ (ఉబ్బించి చెప్పే వాట్లు) రాసిన బాపతే.

ఏవీ రిసీవర్ (హోమ్ థియేటర్ యాంప్ డబ్బా) వెనక ఉండే 4 ఓమ్‌ల స్విచ్చి జోలికి పోకండి. చాలా మోడళ్లలో అది వోల్టేజీని తగ్గించి వేడిని అదుపులో పెడుతుంది, అంతే. రిసీవర్‌కు ప్రీ-అవుట్ (పవర్ యాంప్‌కు పోయే ముందరి సిగ్నల్ ఇచ్చే సాకెట్టు) ఉంటే అక్కడి నుంచి విడిగా పవర్ యాంప్ పెట్టండి. స్టీరియో యాంప్‌ను బ్రిడ్జ్ చేస్తే (రెండు ఛానళ్లనూ ఒకే స్పీకర్‌కు కలిపితే) వాట్లు పెరుగుతాయని మోజుపడతారు. బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానల్‌కు స్పీకర్ సగం ఓమ్‌లుగా కనిపిస్తుంది, మీ 4 కాస్తా 2 అవుతుంది. మొండి స్పీకర్‌కు బ్రిడ్జ్ వద్దే వద్దు.

క్లాస్ డి (ట్రాన్సిస్టర్లను స్విచ్చుల్లా ఆన్, ఆఫ్ చేసే యాంప్) అంటే ముఖం చిట్లించే రోజులు పోయాయి. హైపెక్స్, ప్యూరిఫై కంపెనీల మాడ్యూళ్లతో కట్టినవి ఇలాంటి స్పీకర్లకు నిక్షేపంగా సరిపోతాయి. ఫేజ్ కోణం వల్ల పుట్టే వేడి వీటికి అంత బాధ కాదు. కరెంటు లిమిట్ ఎన్ని ఆంపియర్లో మాత్రం చూడండి. మా ఎండాకాలానికి మామూలు క్లాస్ ఏబీ యాంప్ బరువు మోయడం కంటే ఇదే నయం. పీఏ (సభలకు వాడే) యాంప్‌లు చవకే, కానీ ఫ్యాన్ గోలతో పడుకునే గదిలో వినలేరు.

మెట్టు 5: గెయిన్, తీగ, కరెంటు

26 డీబీ గెయిన్ అంటే యాంప్ వోల్టేజీని 20 రెట్లు పెంచుతుంది. 2 వోల్టుల డాక్‌తో (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే పెట్టె) 40 వోల్టులు వస్తాయి, 8 ఓమ్‌లకు 200 వాట్లు. 400 కావాలంటే 2.83 వోల్టులు ఇవ్వాలి, అది ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూసుకోండి.

స్పీకర్ తీగకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. మీటరు లెక్కన వేలు పోసి కొనే కేబుల్ డబ్బు యాంప్ మీద పెట్టండి.

పెద్ద టొరాయిడల్ (ఉంగరం ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ ఆన్ చేయగానే ఒక్కసారి కరెంటు గుంజుతుంది. సాఫ్ట్ స్టార్ట్ (ఆన్ చేసినప్పుడు కరెంటును మెల్లగా లాగే ఏర్పాటు) లేనిదైతే బీ రకం ఎంసీబీ పడిపోవచ్చు, 16 ఆంపియర్ల సాకెట్టు, సీ రకం ఎంసీబీ వేయించండి. టీవీ స్టెబిలైజర్ మీద, ఇన్వర్టర్ లైను మీద పెట్టకండి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన యాంప్ అయితే వెనక పలక చూడందే ప్లగ్ పెట్టకండి. 120 వోల్టులని ఉంటే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ యాంప్ గరిష్ఠంగా లాగేదానికి కనీసం ఒకటిన్నర రెట్ల వీఏ (వోల్టు-ఆంపియర్ల) సామర్థ్యంతో. అప్పటికీ 60 హెర్ట్జ్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది, టీవీ యూనిట్ మూసిన అరలో పెట్టకుండా పైన జానెడు ఖాళీ వదలండి.