ఆఫీస్ ఏఐ అసిస్టెంట్‌కి సెర్చ్ ఎలా ఎంచుకోవాలి?

ఉద్యోగుల ప్రశ్నలకి జవాబిచ్చే ఏఐ అసిస్టెంట్ పెడదాం అనుకోగానే మొదటి మీటింగ్‌లోనే "ఏ వెక్టర్ డేటాబేస్ తీసుకుందాం" అని మొదలెడతారు. వెక్టర్ డేటాబేస్ అంటే వాక్యాల అర్థాన్ని అంకెలుగా దాచుకుని వెతికే డేటాబేస్, అది ఆఖర్న తేల్చాల్సిన విషయం. కొన్నాళ్ళకి అసిస్టెంట్ తప్పులు చెప్తుంటే "మోడల్ బాలేదు, ఇంకా పెద్దది పెడదాం" అంటారు. ఇలాంటి అసిస్టెంట్‌లో ముందు సెర్చ్ మీ డాక్యుమెంట్లలోంచి పేరాలు తెస్తుంది, మోడల్, అంటే జవాబు రాసే ఏఐ, వాటిని చదివి చెప్తుంది. చేతికిచ్చిన పేరాల్లోనే జవాబు లేకపోతే అది మాత్రం ఏం చెప్తుంది చెప్పండి? తప్పు జవాబు వచ్చిన ప్రతిసారీ ముందు చూడాల్సింది సెర్చ్ ఏ పేరాలు తెచ్చిపెట్టిందో, చాలావరకు సంగతి అక్కడే బయటపడుతుంది. అందుకే సెర్చ్ ఎంచుకోవడం ఒక వరసలో చేయాలి, ఆ వరస ఇది.

1. కావాల్సినవి

ఒక మామూలు సర్వర్, దాంట్లో పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్, ఒక ఎక్సెల్ షీట్, మీ డాక్యుమెంట్లు క్షుణ్ణంగా తెలిసిన మనిషి ఒకరు. హెచ్ఆర్‌లోనో క్వాలిటీలోనో "ఆ సర్క్యులర్ మారిపోయింది అండీ, కొత్తది చూడండి" అనే సీనియర్ ప్రతి ఆఫీస్‌లో ఉంటారు, వాళ్ళ టైమ్ వారానికి కొన్ని గంటలు రాయించుకోండి. జీపీయూలు, పెద్ద లైసెన్సులు ఇప్పుడే వద్దు.

2. డాక్యుమెంట్లు ఒకసారి కళ్ళతో చూడండి

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లకి ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చాలి. పాత వెర్షన్లు పక్కకి తీసేయాలి, లేదా ప్రతిదానికీ అమల్లోకి వచ్చిన తేదీ తగిలించాలి. తెలుగు డాక్యుమెంట్లు ఉంటే అను ఫాంట్లలో టైప్ చేసినవా, యూనికోడ్‌లో ఉన్నాయా చూసుకోండి, అను ఫైల్ స్క్రీన్ మీద శుభ్రంగా తెలుగులోనే కనిపిస్తుంది కానీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, సెర్చ్‌కి కనిపించేది ఆ గీతలే. వాటిని యూనికోడ్‌కి మార్చకుండా ఏ టెక్నాలజీ పెట్టినా దండగ.

సెర్చ్ కోసం డాక్యుమెంట్లని చిన్న ముక్కలు చేసేటప్పుడు, వీటినే చంక్స్ అంటారు, హెడింగుల దగ్గర కోయండి, అక్షరాలు లెక్కపెట్టి కోయొద్దు. టూర్ అలవెన్స్ టేబుల్ సగంలో తెగిందనుకోండి, రెండో ముక్కలో "గ్రేడ్ 4, 2500" అని మాత్రం మిగులుతుంది, అది హోటల్‌కా భోజనానికా ఎవరికీ తెలీదు, మోడల్ ఏదో ఒకటి ఊహించి చెప్పేస్తుంది. ప్రతి ముక్క పైన డాక్యుమెంట్ పేరు, సెక్షన్ పేరు ఉండి తీరాలి.

3. ప్రశ్నల షీట్: అసలు కష్టం ఇక్కడే

ఇది సరిగ్గా చేస్తే మిగతా నిర్ణయాలు వాటంతటవే తేలతాయి. ఇది సరిగ్గా చేయనివాళ్ళు వెండర్ డెమో చూసి సంతకం పెడతారు, డెమోలో ప్రశ్నలు వెండర్‌వే, డాక్యుమెంట్లూ వెండర్‌వే, ఇంక ఎందుకు పనిచేయదు? కాబట్టి నిదానంగా చదవండి.

మీ ఆఫీస్‌లో మనుషులు నిజంగా అడిగిన ప్రశ్నలు ఓ వంద పోగేయాలి. హెల్ప్‌డెస్క్ టికెట్లు, హెచ్ఆర్‌కి వచ్చిన మెయిల్స్, టీమ్ గ్రూపుల్లో "ఎవరికైనా తెలుసా" అని మొదలయ్యే మెసేజ్‌లు, అన్నీ పనికొస్తాయి. వాళ్ళు టైప్ చేసింది టైప్ చేసినట్టే పెట్టండి, స్పెల్లింగ్ దిద్దొద్దు, పేర్లు మాత్రం తీసేయండి.

డాక్యుమెంట్ ముందు పెట్టుకుని ప్రశ్నలు రాయొద్దు. ఎందుకంటే డాక్యుమెంట్‌లోని మాటే ప్రశ్నలోకి వచ్చేస్తుంది, అప్పుడు పదాలు పోల్చే ఏ సెర్చ్ అయినా ఫస్ట్ క్లాస్‌లో పాసవుతుంది. ఏఐతో ప్రశ్నలు రాయించడం కూడా ఇదే, ఇప్పుడు అందరూ చేస్తున్నది అదే, పేరా ఇచ్చి "దీని మీద ఐదు ప్రశ్నలు రాయి" అంటే అది ఆ పేరాలోని మాటలనే తిప్పి రాస్తుంది. మార్కులు తొంభై పైన వస్తాయి, పైవాళ్ళు సంతోషిస్తారు, లాంచ్ అయ్యాక జనం అడిగే భాష వేరే ఉంటుంది. ఉద్యోగి అడిగేది "మిగిలిపోయిన లీవులు నెక్స్ట్ ఇయర్ వాడుకోవచ్చా" అని, పాలసీలో ఉన్నది "అన్‌అవెయిల్డ్ ఎర్న్‌డ్ లీవ్ క్యారీ ఫార్వర్డ్" అని. రెండింటికీ కలిసేది లీవ్ ఒక్కటే, ఆ మాట పాలసీ మొత్తంలో ప్రతి పేజీలో ఉంది.

వందలో అన్ని రకాలూ ఉండాలి. కోడ్ నంబర్‌తో అడిగేవి, మామూలు మాటల్లో అడిగేవి, పాత రూల్‌కి కొత్త రూల్‌కి తేడా వచ్చేవి, అసలు మీ డాక్యుమెంట్లలో జవాబే లేనివి. ఈ చివరివి పది అయినా పెట్టండి, "దొరకలేదు" అని చెప్పడం రాని అసిస్టెంట్‌ని ఎవరూ నమ్మరు. మన దగ్గర ఇంకో రకం ఉంది, ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు. హైదరాబాద్‌లో చాలామంది చాట్‌లో అలాగే టైప్ చేస్తారు, డాక్యుమెంట్ ఇంగ్లీష్‌లో, ప్రశ్న తెలుగులో, లిపి మళ్ళీ ఇంగ్లీష్. పదాలు పోల్చే సెర్చ్‌కి ఇది అస్సలు అందదు, అర్థాన్ని బట్టి వెతికే వెక్టర్ మోడల్స్ కూడా చాలావరకు తడబడతాయి. సెర్చ్‌కి పంపేముందు ప్రశ్నని మోడల్‌తో ఇంగ్లీష్‌లోకి తిరగరాయించడం ఒక్కటే నేను ఒప్పుకునే దారి, అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఇలాంటి ప్రశ్నలు షీట్‌లో ఉండాలి కదా.

తర్వాత ప్రతి ప్రశ్న ఎదురుగా సరైన జవాబు ఏ డాక్యుమెంట్‌లో, ఏ పేరాలో ఉందో రాయాలి. డాక్యుమెంట్ పేరు రాసి వదిలేస్తే కుదరదు, 80 పేజీల పాలసీలో ఏదో ఒక పేరా వచ్చినా రైట్ కొట్టేసుకుంటారు. ఇద్దరు విడివిడిగా ఈ పేరాలు మార్క్ చేయాలి, తర్వాత కూర్చుని పోల్చుకోవాలి. ఇద్దరికీ తేడా వచ్చిన చోట చూస్తే చాలాసార్లు రెండు డాక్యుమెంట్లు ఒకదానికొకటి విరుద్ధంగా ఉంటాయి, అది సెర్చ్ తీర్చే సమస్య కాదు, డాక్యుమెంట్ ఓనర్ దగ్గరికి వెళ్ళాలి.

కొలవాల్సింది ఒక్కటే, మొదటి పది ఫలితాల్లో సరైన పేరా వచ్చిందా లేదా. జవాబు ఎంత బాగా రాసింది అనేది ఇప్పుడు చూడకండి, చూస్తే సెర్చ్ తప్పేదో మోడల్ తప్పేదో విడదీయలేరు. జవాబు లేని ప్రశ్నలని ఈ లెక్కలో కలపొద్దు, వాటిని తర్వాత మోడల్‌తో కలిపి విడిగా చూసుకోవాలి. ఇంకో జాగ్రత్త, వంద ప్రశ్నల మీద ఒక సెర్చ్ 82, ఇంకోటి 84 తెచ్చుకుంటే అది తేడానే కాదు. దాని మీద కొనుగోలు నిర్ణయం తీసుకోకండి, ఎక్కడ తప్పాయో ఒక్కో ప్రశ్న తెరిచి చదవండి. ముప్పై ప్రశ్నలు ముందే పక్కన పెట్టి చివరి దాకా ముట్టుకోకండి, లేకపోతే సెట్టింగులు తిప్పీ తిప్పీ ఆ వందకే సరిపోయేలా చేసుకుంటారు.

4. మూడు రకాలు పక్కపక్కన నడపండి

మొదటిది పదాల సెర్చ్, ప్రశ్నలోని పదాలు ఏ ముక్కలో ఎంత ఉన్నాయో చూసి మార్కులేసే బీఎం25 అనే ఫార్ములా. పాతది అని తీసిపారేస్తారు గానీ దీని వెనక చాలా పని ఉంది. అరుదైన పదానికి ఎక్కువ బరువు ఇవ్వాలి అనే ఆలోచనని 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ రాశారు, ఆ మీద స్టీఫెన్ రాబర్ట్‌సన్, ఆయన తోటివాళ్ళు లండన్ సిటీ యూనివర్సిటీలో ఒకాపీ అనే సిస్టమ్‌తో 1994 నాటికి బీఎం25ని ఈ రూపానికి తెచ్చారు. 2016 నుంచి లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీలో, దాని మీద నడిచే ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌లో డిఫాల్ట్ ఇదే. రెండోది వెక్టర్ సెర్చ్, వాక్యం అర్థాన్ని ఎంబెడింగ్ మోడల్‌తో అంకెల వరసగా, అంటే వెక్టర్‌గా మార్చి దగ్గరగా ఉన్నవి తెస్తుంది. మూడోది రెండూ కలిపిన హైబ్రిడ్.

పైన చెప్పిన మిగిలిపోయిన లీవుల ప్రశ్నకి బీఎం25 సిక్ లీవ్, మెటర్నిటీ లీవ్ అన్నీ తెచ్చి అసలుదాన్ని కిందకి తోసేస్తుంది, వెక్టర్ పట్టేస్తుంది. అదే ఫార్మా ప్లాంట్‌లో "ఎస్‌ఓపీ 047లో హోల్డ్ టైమ్ ఎంత" అని, అంటే ఫలానా నంబర్ పని విధానం డాక్యుమెంట్‌లో సరుకు ఎంతసేపు ఆపి ఉంచొచ్చు అని అడిగితే కథ తిరగబడుతుంది. వెక్టర్‌కి 047, 041, 074 దాదాపు ఒకేలా కనిపిస్తాయి, వేరే ఎస్‌ఓపీలోని హోల్డ్ టైమ్ పైకి రావచ్చు, మోడల్ దాన్నే ధీమాగా చెప్పేస్తుంది. బీఎం25 నేరుగా 047కి వెళ్తుంది. రెండు రకాల ప్రశ్నలూ లేని ఆఫీస్ ఉండదు, కాబట్టి హైబ్రిడ్ పెట్టాల్సిందే, ఇందులో చర్చ లేదు.

కలపడానికి రెండు స్కోర్లని కూడొద్దు, బీఎం25 స్కోర్‌కి పై హద్దు లేదు, వెక్టర్ల దగ్గరితనాన్ని కొలిచే కొసైన్ ఒకటి దాటదు. ర్యాంకులు కలపాలి, రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్ అని 2009లో వచ్చిన చిన్న ఫార్ములా, ప్రతి లిస్టులో 60కి ర్యాంక్ కలిపి దాంతో ఒకటిని భాగించి, వచ్చినవన్నీ కూడటమే. దాని తర్వాత ఒక రీర్యాంకర్, పైన యాభై తీసుకుని ప్రశ్నతో పాటు ఒక్కోటి చదివి ఎనిమిదికి కుదిస్తుంది. కొత్త ఎంబెడింగ్ మోడల్స్ వెంట పరిగెత్తేకంటే ముందు ఇది పెట్టి చూడండి.

"కాంటెక్స్ట్ విండో పది లక్షల టోకెన్లు వచ్చింది కదా, అన్నీ అందులో పడేద్దాం, సెర్చ్ ఎందుకు" అనేవాళ్ళు ప్రతి మీటింగ్‌లో ఒకరుంటారు. కాంటెక్స్ట్ విండో అంటే మోడల్ ఒకేసారి చదవగలిగే టెక్స్ట్ హద్దు, టోకెన్లు అంటే మోడల్ టెక్స్ట్‌ని కోసుకునే చిన్న ముక్కలు. పొడుగు టెక్స్ట్ మధ్యలో ఉన్న విషయాన్ని మోడల్స్ సరిగ్గా వాడుకోవట్లేదని 2023లోనే పరిశోధకులు చూపించారు, ఇప్పటి మోడల్స్ మెరుగే అయినా ప్రతి ప్రశ్నకీ అన్ని టోకెన్లకి డబ్బు కట్టాలి, పైగా ఎవరు ఏది చూడొచ్చో ఎలా ఆపుతారు? ఫైన్ ట్యూనింగ్, అంటే మన డాక్యుమెంట్లతో మోడల్‌కే శిక్షణ ఇద్దాం అనేవాళ్ళకీ ఇలాంటి ప్రశ్నే, నిన్న మారిన పాలసీని మోడల్ బుర్రలోంచి ఎలా తీస్తారు?

తెలుగు డాక్యుమెంట్లు ఉంటే రెండు చూసుకోండి. సెలవు, సెలవులు, సెలవుకి, సెలవులకు, ఇవన్నీ బీఎం25కి వేర్వేరు పదాలు. ఇలాంటి రూపాల్ని ఒక మూలానికి తెచ్చే తెలుగు ఎనలైజర్ లూసీన్‌లో ఉంది, పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే భాషల్లో హిందీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. ఇక ఎంబెడింగ్ మోడల్ ఎంత పొడుగు తీసుకుంటుందో చూడాలి, కొన్నిటికి 512 టోకెన్లే హద్దు, తెలుగు టెక్స్ట్ మామూలుగా ఇంగ్లీష్ కంటే ఎక్కువ టోకెన్లు తింటుంది, హద్దు దాటిన భాగాన్ని చాలా టూల్స్ చెప్పకుండా కోసేస్తాయి. బీజీఈ ఎం3 అనే ఎంబెడింగ్ మోడల్ లాంటి వాటికి 8192 దాకా ఉంది, నేను దాంతోనే మొదలెట్టమంటాను.

5. పర్మిషన్ ఫిల్టర్‌తో మళ్ళీ నడపండి

జీతాల షీట్ అందరికీ కనిపించకూడదు, ఆ కాపలా సెర్చ్‌లోనే ఉండాలి, "ఇది చెప్పకు" అని మోడల్‌కి ప్రాంప్ట్‌లో రాస్తే కాపలా అనరు. కానీ ఫిల్టర్ పెట్టగానే ఫలితాలు తగ్గిపోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌కి వెక్టర్ సెర్చ్ తగిలించే పీజీవెక్టర్‌లో, దగ్గరి వెక్టర్లని త్వరగా వెతికే హెచ్ఎన్ఎస్‌డబ్ల్యూ ఇండెక్స్ డిఫాల్ట్‌గా 40 వరసలు చూస్తుంది, ఆ తర్వాతే ఫిల్టర్ పడుతుంది. ఒక ఉద్యోగికి పది శాతం డాక్యుమెంట్లకే అనుమతి ఉంటే సగటున నాలుగే మిగులుతాయి. అడ్మిన్ లాగిన్‌తో టెస్ట్ చేసినవాళ్ళకి ఇది ఎప్పటికీ కనిపించదు. పీజీవెక్టర్ 0.8.0 వెర్షన్ నుంచి సరిపడా దొరికేదాకా, లేదా ఒక హద్దు వచ్చేదాకా వెతికే ఇటరేటివ్ స్కాన్ ఉంది, అది ఆన్ చేసి, మామూలు ఉద్యోగి లాగిన్‌తో పక్కన పెట్టిన ముప్పై తప్ప మిగతా ప్రశ్నలన్నీ మళ్ళీ నడపండి.

6. ఇప్పుడు ప్రొడక్ట్ ఎంచుకోండి

పది లక్షల ముక్కలు, ఒక్కోటి 1024 అంకెలు, అంకెకి 4 బైట్లు, మొత్తం సుమారు 4 జీబీ. ఇండెక్స్‌లోనూ వెక్టర్లు మళ్ళీ ఉంటాయి కాబట్టి దానికి కనీసం ఇంకో అంత వేసుకోండి. చాలా ఆఫీసుల్లో పది లక్షల ముక్కలే ఉండవు, దీనికి ప్రత్యేకంగా వెక్టర్ డేటాబేస్ కొనడం అనవసరం. పోస్ట్‌గ్రెస్‌తో మొదలెట్టండి. దాని సొంత టెక్స్ట్ ర్యాంకింగ్ బీఎం25 కాదు, అది మర్చిపోకండి, కోడ్ నంబర్ల ప్రశ్నలకి అక్కడ ఫలితాలు బాగా రాకపోతే ఓపెన్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌కి మారండి, బీఎం25, వెక్టర్ రెండూ ఒకే చోట దొరుకుతాయి. వెండర్ ఎవరైనా సరే మీ షీట్ మీదే, మీ డాక్యుమెంట్ల మీదే నడిపి చూపించమనండి, పక్కన పెట్టిన ముప్పై ప్రశ్నలు అప్పుడు బయటికి తీయండి.

కొనేముందు ఒక పాలసీని డిలీట్ చేసి ఎంతసేపటికి సెర్చ్‌లోంచి పోతుందో గడియారం పెట్టి చూడండి. ఎంబెడింగ్ మోడల్ మారిస్తే పాత వెక్టర్లు, కొత్త వెక్టర్లు కలవవు, మొత్తం డాక్యుమెంట్లన్నీ మళ్ళీ ఎంబెడ్ చేయాలి, దానికి అయ్యే ఖర్చు కూడా కొటేషన్‌లో రాయించుకోండి.